మేరీ పంచాయత్ యాప్ రివ్యూ: లెక్క ఫోన్లో దొరుకుతుంది, పని గ్రామసభలో అవుతుంది

ముందే తేల్చి చెప్తాం. పంచాయతీ డబ్బు లెక్కలూ పనులూ చూపించే ఈ యాప్ పల్లెలో పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరి ఫోన్లో ఉండాల్సిందే. అయితే అందులో ఒక సూచన రాసి పంపి, మిగతాది పంచాయతీ వాళ్ళే చూసుకుంటారని కూర్చుంటే మాత్రం ఏ పనీ కాదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో ఊరి పనుల్లోకి దిగాలనుకునే పిల్లోళ్ళకు ఇది ఎంతవరకు ఉపయోగం, ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు మొరాయిస్తుంది అన్నదే ఈ రివ్యూ.

మేరీ పంచాయత్‌ను కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ కోసం జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) తయారుచేసింది. డబ్బులేమీ కట్టక్కర్లేదు. దీనికి సరుకంతా ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటు నుంచి వస్తుంది. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఆ వెబ్‌సైటులోనే పంచాయతీ కార్యదర్శి ఏడాది ప్రణాళిక ఎక్కిస్తారు, పనులు ఎంతవరకు వచ్చాయో రాస్తారు, చెల్లింపులకు వోచర్లు తయారుచేస్తారు. ఆ చెల్లింపును సర్పంచి, లేదా సర్పంచి లేని కాలంలో ప్రత్యేకాధికారి, తన డిజిటల్ సంతకంతో ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. కాబట్టి యాప్‌లో కనిపించేది ఎక్కడో ఢిల్లీలో కూర్చుని రాసిన లెక్క కాదు, మీ ఊరి కార్యాలయంలో పుట్టిన లెక్క. తప్పుంటే అడగాల్సిన చోటు కూడా అదే.

ఊరు దొరకడమే మొదటి తిప్పలు

యాప్ తెరవగానే రాష్ట్రం, జిల్లా, బ్లాకు, పంచాయతీ ఎంచుకోవాలి. బ్లాకు అన్నచోట మన మండలం పేరు ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, మా ఊరు ఇందులో లేదని యాప్ తీసేస్తారు. ఊరు ఉంటుంది, వెతికే పద్ధతే వేరు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కానీ జిల్లా పరిషత్తులు పాత జిల్లాల లెక్కనే నడిచాయి. హిందూపురం, ధర్మవరం, కదిరి, పెనుకొండ వైపు వాళ్ళు శ్రీ సత్యసాయి జిల్లా కింద దొరక్కపోతే అనంతపురం కింద చూడాలి. రెండోది, మజరా పేరుతో వెతికితే రాదు. మన పంచాయతీల్లో ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ మూడు నాలుగు మజరాలు, ఒకటో రెండో తాండాలు ఉండడం మామూలే. లెక్కంతా పంచాయతీ పేరు మీద ఉంటుంది. మూడోది, ఇంగ్లీషు స్పెల్లింగు. పల్లి అన్నదాన్ని రెండు మూడు రకాలుగా రాస్తారు, పేరు మొదటి నాలుగు అక్షరాలు కొట్టి జాబితాలో చూసుకోవడం మేలు. ఒకే మండలంలో ఒకే పేరుతో రెండు పంచాయతీలుంటే ప్రతి పంచాయతీకీ విడిగా ఉండే ఎల్‌జీడీ కోడ్ అనే సంఖ్య ఒక్కటే తేడా చెప్తుంది. ఆ కోడ్ పంచాయతీ కార్యాలయంలో చెప్తారు. ఒకసారి రాసిపెట్టుకుంటే ప్రతి చోటా పనికొస్తుంది.

భాష తెలుగుకు మార్చుకోవచ్చు. మారేవి బటన్లూ శీర్షికలే. పనుల పేర్లు కార్యాలయంలో ఇంగ్లీషులో ఎక్కించినవి ఇంగ్లీషులోనే ఉంటాయి. మా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు. పదో తరగతితో చదువు ఆపేసిన పిల్లకు వోచరు చదవడం రాకపోతే, ఎవరి కోసం యాప్ పెట్టారో వాళ్ళకే అందలేదన్నమాట.

డబ్బు ఏ సంచిలోదో ముందు తెలుసుకోవాలి

యువకులు పంచాయతీని అడిగేవి దాదాపు ఎక్కడైనా ఒకటే. ఆటస్థలం, గ్రంథాలయం, వ్యాయామశాల, వీధి దీపాలు. డబ్బుల్లేవు అని జవాబొస్తుంది. యాప్ తెరిచి చూస్తే ఖాతాలో లక్షలు కనిపిస్తాయి. అక్కడ గొడవ మొదలవుతుంది. చాలాసార్లు ఇద్దరు చెప్పేదీ నిజమే.

15వ ఆర్థిక సంఘం నిధుల్లో 2021-22 నుంచి 2025-26 వరకు 60 శాతం కట్టుబడిన నిధి, అంటే చెప్పిన పనులకే వాడాల్సింది, 40 శాతం స్వేచ్ఛా నిధి, అంటే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది. కట్టుబడిన అరవైలో సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి, సగం పారిశుద్ధ్యానికి. అంటే పంచాయతీకి ఏడాదికి 10 లక్షలు వచ్చాయనుకుంటే నీటికి 3 లక్షలు, పారిశుద్ధ్యానికి 3 లక్షలు పోగా, ఊరి ఇతర అవసరాలకు మిగిలేది 4 లక్షలు. ఆ నాలుగింటిని కూడా జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ వాడకూడదు. ఆటస్థలం చదును చేయాలని అడిగేవాళ్ళు ఖాతాలో మొత్తం ఎంతుందో కాక, ఈ నాలుగు లక్షల్లో ఎంత మిగిలిందో చూసి అడగాలి. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. పాత వాటాలే ఉంటాయని అనుకోకుండా ఆ ఏడాది మార్గదర్శకాల్లో ఏముందో కార్యదర్శిని అడిగి లెక్క వేసుకోండి.

యాప్‌లో ఈ విడివిడి సంచులు అంత తేటగా కనబడవు. ఈ ఒక్క పనికి ఫోన్ పక్కన పెట్టి, కంప్యూటరులోనో మీ సేవా కేంద్రంలోనో ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటు తెరవడం మంచిది. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం ఎంచుకుని, అక్కడ అడిగే అక్షరాలు కొట్టి, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి పంచాయతీకి ఒక్కో మెట్టు దిగాలి. రంగు మారి ఉన్న అంకె మీద నొక్కితే కింది వివరం తెరుచుకుంటుంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక సంవత్సరం. జనవరిలో చెల్లించిన బిల్లును ఆ జనవరి ఏ ఆర్థిక సంవత్సరంలో పడుతుందో చూసుకోకుండా వెతికి, లేదనుకునేవాళ్ళు చాలామంది.

వోచరు నంబరు చదవడం ఒక్కసారి నేర్చుకుంటే చాలు. XVFC అని మొదలైతే 15వ ఆర్థిక సంఘం నిధి. తర్వాత ఆర్థిక సంవత్సరం. ఆ తర్వాత P ఉంటే చెల్లింపు, R ఉంటే రాబడి. చివర వరుస సంఖ్య. వరుస ప్రకారం P వోచర్లన్నీ ఒక కాగితం మీద తేదీ, పని పేరు, మొత్తం రాసుకుంటే ఏడాది ఖర్చు ఒకటి రెండు పేజీల్లో ఇమిడిపోతుంది. ఆ కాగితమే ఈ యాప్ ఇచ్చే అసలు లాభం. ఒకే వోచరులో పెద్ద మొత్తం కనిపిస్తే వెంటనే తప్పని అనుకోవద్దు. వీధి దీపాలు, నీటి మోటార్ల కరెంటు బకాయి ఒకేసారి కట్టి ఉండొచ్చు. అది దేనికో చూపించమని అడగండి.

కాగితం పట్టుకుని వీధిలోకి

ఫోన్లో కనిపించిన పనిని నేల మీద సరిచూడడానికి ఇంజనీరు కానక్కర్లేదు. ఒక టేపు, ఒక స్కేలు చాలు.

సిమెంటు రోడ్డు తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని కొలతల పుస్తకంలో ఉంటే కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. మందం 10 సెంటీమీటర్లే అయితే అది 30కి దిగుతుంది. మూడో వంతు సరుకు రోడ్డులో లేనట్టే. పొడవు, వెడల్పు ఎవరైనా కొలుస్తారు, మందమే ఎవరూ చూడరు. అంచు దగ్గర ఒక్కచోట స్కేలు పెట్టి తేల్చేయకూడదు. పలకలు కట్టిన అంచు నిండుగా ఉండి నడుమ పలచగా ఉండొచ్చు. కొళాయి పైపు కోసం రోడ్డు కోసిన చోట్ల లోపలి మందం బయటపడుతుంది, అక్కడ చూడండి. కొలతల పుస్తకాన్ని మనవాళ్ళు ఎంబుక్ అంటారు. సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటును అడిగితే మీ వీధి పనికి ఏ కొలతలు రాశారో చెప్పగలరు.

బ్లీచింగ్ పౌడరు లెక్క ఇంకా తేలిక. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు దాదాపు 2.5 గ్రాములు చాలు. 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఒకసారి నింపితే 100 గ్రాములు. రోజుకు రెండుసార్లు నింపితే 200 గ్రాములు, నెలకు 6 కిలోలు. మురుగు కాలువల మీద చల్లేది దీనికి అదనం. వోచర్లలో కొన్న బస్తాలను ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. మరీ ఎక్కువైతే ఎక్కడ వాడారో అడగాలి. మరీ తక్కువైతే ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే అప్పుడు ఊరు తాగేది శుద్ధి చేయని నీళ్ళు. పౌడరు మూట విప్పి తేమలో ఉంచితే క్లోరిన్ ఎగిరిపోయి బలం తగ్గుతుంది, కాబట్టి ఒకేసారి ఆరునెలల సరుకు కొని పెట్టడం పొదుపు కాదు. చివరి కొళాయి దగ్గర నీళ్ళు పట్టి క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే ట్యాంకులో వేసిన మందు అక్కడిదాకా చేరలేదన్నమాట.

ఇక అనంతపురం పల్లెల్లో ఏ పంచాయతీ జాబితా తీసినా ముందు కంటపడేది మోటారు రిపేరి. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. వేసవిలో బోరులో నీటిమట్టం దిగిపోతుంది, మోటారు ఉత్తగా తిరిగి వైండింగ్ కాలిపోతుంది. త్రీఫేజులో ఒక ఫేజు పోయినా, వోల్టేజి పడిపోయినా అంతే. రీవైండింగ్, పైపులు పైకి లాగడం, మళ్ళీ దించడం, కూలీలు... ఒకే బోరుకు ఏడాదిలో ఇలాంటి వోచర్లు మూడు నాలుగు కనిపిస్తే అందులో దోపిడీ ఉందని కేకలు వేయడం కంటే మంచి దారి ఒకటుంది. బోరు ఎండినప్పుడూ ఫేజు పోయినప్పుడూ మోటారును ఆపేసే పరికరం ఉన్న స్టార్టరు ప్యానెల్ పెట్టించమని ప్రతిపాదించండి. అది తాగునీటి వాటా కిందే వస్తుంది, కాబట్టి డబ్బుల్లేవనే జవాబు రావడం కష్టం. గత ఏడాది రీవైండింగ్ వోచర్ల మొత్తం పక్కన ప్యానెల్ కొటేషన్ పెడితే సభలో పెద్దవాళ్ళే మీ వైపు మాట్లాడతారు. యాప్‌ను ఇలా వాడుకోవాలన్నది మా గట్టి నమ్మకం. తప్పు పట్టుకోవడానికి మాత్రమే కాక, మెరుగైన ప్రతిపాదన తయారుచేయడానికి కూడా.

సూచన పంపే సదుపాయం

మొబైల్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్ళి పనులు ప్రతిపాదించవచ్చు, జరిగిన పని మీద అభిప్రాయం రాయొచ్చు, ఫోటో పెట్టొచ్చు. ఫోటోకు స్థలం గుర్తు పడాలంటే ఫోన్లో లొకేషన్ వేసి ఉంచి, ఆకాశం కనిపించే చోట అర నిమిషం ఆగి తీయాలి. గదిలోనో చెట్టు కిందో నిలబడితే గుర్తు పక్క వీధిలో పడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పనికిరాదు, పంపేటప్పుడే స్థలం వివరం అందులోంచి పోతుంది.

ప్రతిపాదన రాసేటప్పుడు 'మా వీధికి కాలువ కావాలి' అని రాస్తే పక్కన పడిపోతుంది. 'రెండో వార్డు, రామాలయం మూల నుంచి బడి గోడ వరకు దాదాపు 60 మీటర్లు, ఇప్పుడు నీళ్ళు నిలిచేది బోరింగు దగ్గర' అని రాస్తే అంచనా వేయగలరు. అధికారులు ఎక్కించే పనుల పేర్లలోనూ ఇదే జబ్బు ఉంది. ఉత్త 'సీసీ డ్రైన్ రిపేరు' అని ఉంటే ఏ వీధిలోదో దేవుడికే తెలియాలి, ఎవరూ సరిచూడలేరు. ఏ పనికైనా మొదలు, చివర గుర్తులు పేరులోనే రాయాలని గ్రామసభలో ఒక తీర్మానం చేయించగలిగితే, ఖర్చు లేకుండా మీ ఊరికి మీరు చేసే పెద్ద మేలు అదే.

ఈ సదుపాయానికి ఉన్న బలహీనత చెప్పాలి. పంపిన సూచన మీద పంచాయతీ తప్పనిసరిగా చర్య తీసుకోవాలన్న కట్టుబాటు లేదు. పనికి బలం వచ్చేది గ్రామసభ తీర్మానంతోనే. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రజా ప్రణాళిక కార్యక్రమంలో వచ్చే ఏడాది పనుల జాబితా తయారవుతుంది. ఆ జాబితా ఆమోదమై వెబ్‌సైటు ఎక్కాక మే నెలలో వెళ్ళి కొత్త పని అడిగితే వచ్చే ఏడాది చూద్దామంటారు. అడగాల్సిన కాలం దసరా నుంచి సంక్రాంతి దాకా. ఇంకో సంగతి, ప్రణాళికలో పని పేరు కనిపించినంత మాత్రాన అది మంజూరైనట్టు కాదు. గత ఏడాది జాబితానే అంకెలు మార్చి ఎక్కించే పంచాయతీలూ ఉన్నాయి. రెండేళ్ళ జాబితాలు పక్కపక్కన పెడితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

సభలో మాట్లాడే హక్కు పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరిదీ. అందుకని యాప్ కంటే ముందు చేయాల్సిన పని, ఓటరుగా పేరు చేర్చమని అడిగే ఫారం 6 పెట్టడం. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 - ఈ నాలుగింటిలో ఏ తేదీకి పద్దెనిమిది నిండినా ఓటరుగా చేరొచ్చు. బెంగళూరు పనులకు పోయినవాళ్ళు అక్కడినుంచే వోచర్లు చూసి జాబితా తయారుచేయగలరు, దాన్ని సభలో చదవడానికి మాత్రం ఊళ్ళో ఒకరుండాలి. ఇరవై ఒకటి నిండితే వార్డు మెంబరుగా పోటీ చేయొచ్చు.

పద్దెనిమిది నిండని వాళ్ళ సంగతి కూడా మరవకూడదు. 2025 అక్టోబరులో కేంద్రం నవోదయ, ఏకలవ్య పాఠశాలల పిల్లలతో నమూనా యువ గ్రామసభలు నడిపే కార్యక్రమం మొదలుపెట్టింది. మనకు లేపాక్షిలో, పక్క కర్నూలు జిల్లా బనవాసిలో నవోదయలున్నాయి. కానీ మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ అవసరం, వాళ్ళు ఆ పంచాయతీల్లోనే ఉంటారు. ఒక పంచాయతీ ప్రణాళిక అచ్చుతీసి పదో తరగతి పిల్లల చేతికిస్తే, ఏ పని ముందు, ఏది వెనక అని వాళ్ళే తేల్చగలరు. దానికి ఏ ఆదేశమూ అక్కర్లేదు, పూనుకునే మాష్టారు ఒకరుంటే చాలు.

ఇందులో దొరకనివి

ఉపాధి హామీ పనులు ఇక్కడ వెతకొద్దు. 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లెలోనే మొదలైన ఆ పథకం లెక్కలకు వేరే వెబ్‌సైటు ఉంది. ఒకే రోడ్డుకు రెండు పథకాల్లోనూ బిల్లు అయిందా అన్నది తేలాలంటే రెండూ చూడాల్సిందే. ఇంటి పన్ను, కొళాయి చార్జీల వంటి పంచాయతీ సొంత ఆదాయం మీద ఈ యాప్‌ను నమ్ముకోవద్దు, దానికి కార్యాలయంలోని రిజిస్టరే ఆధారం. బిల్లు నకలు, కొటేషన్లు, ఎంబుక్ పేజీ కూడా కనిపించవు. అవి కావాలంటే సమాచార హక్కు చట్టం కింద కార్యదర్శికి దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. గడువు 30 రోజులు. 'ఐదేళ్ళ ఖర్చుల వివరాలన్నీ' అని అడిగితే తిప్పి పంపడానికి దారిచ్చినట్టే. వోచరు నంబరు, తేదీ రాసి 'ఈ చెల్లింపుకు సంబంధించిన బిల్లు, కొలతల పేజీ నకళ్ళు' అని అడగండి. ఆ నంబరు యాప్ మీకు ముందే ఇచ్చింది.

వర్గాల ఊళ్ళలో జాగ్రత్త

మన సీమ పల్లెల్లో లెక్క అడిగిన కుర్రాణ్ణి ఎదుటి వర్గం మనిషని ముద్ర వేయడానికి ఎక్కువసేపు పట్టదు. యాప్ స్క్రీన్‌షాట్‌ను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి 'ఇదిగో దోపిడీ' అని రాస్తే ఆ రోజుతో పని చెడినట్టే. ముందుగా కార్యదర్శి దగ్గరికెళ్ళి, 'సార్, ఈ వోచరు ఏ వీధి పనిదో చెప్తారా' అని అడగాలి. సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. సభలో ఒకసారికి ఒకటి రెండు పనుల గురించే, అన్ని వార్డులవీ కలిపి అడగాలి. ఒక పార్టీ వాళ్ళ వీధులే అడిగితే మీ మాట నిలవదు. పొదుపు సంఘాల ఆడవాళ్ళు పక్కనుంటే నీళ్ళ మాట ఎవరూ కొట్టిపారేయలేరు, బిందె మోసేది వాళ్ళే గనక. సభ ముగిసే ముందు మీ మాట తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో చదివి వినిపించమనండి. సంతకాలయ్యాక రాసిన తీర్మానం మీరు అడిగినదై ఉండకపోవచ్చు. రికార్డు చేసిన సభ నుంచి మినిట్స్ తయారుచేసే సభాసార్ అనే సాధనం 2025 ఆగస్టులో వచ్చింది. నలుగురు ఒకేసారి అరిచే సభలో ఏ యంత్రమైనా తడబడుతుంది, కాబట్టి అది వాడినా చదివించుకోవడం మానొద్దు.

మా మార్కులు

ఐదింటికి వేస్తే, చెల్లింపులు చూడడానికి 4, ప్రణాళిక అర్థం చేసుకోవడానికి 3, సూచనలు పంపడానికి 2, తెలుగుకు 2. వెబ్‌సైటు వాడడం ఫోన్లో కష్టం కానీ లోతు ఎక్కువ, దానికి 4 ఇస్తాం. పనుల పేర్లు తెలుగులో ఎక్కించడం, పంపిన సూచన సభ ముందుకు వెళ్ళిందో లేదో చూపించడం యాప్ వాళ్ళు వెంటనే చేయగలిగినవి. అన్నిటికన్నా ముందు కావాల్సింది, ప్రతి పనికీ మజరా పేరు రాయడానికి తప్పనిసరి గడి. ఇప్పుడు ఖర్చంతా పంచాయతీ పేరు కింద ఒకే కుప్పగా కనిపిస్తోంది. ఆ ఒక్క గడి ఉంటే ఏ తాండాకు ఐదేళ్ళుగా ఒక్క పనీ పడలేదో తాండా పిల్లోళ్ళే తీసి చూపించగలుగుతారు.